ఆవగింజలో సగం గుల్ల, ఆరున్నర కోట్ల ఏళ్ల లెక్క

గోదావరి డెల్టా నుంచి ఈసారి వచ్చిన ఉత్తరాల్లో అయిదు ఒకే విషయాన్ని వేర్వేరు వైపుల నుంచి అడిగాయి. రాయిగా గట్టిపడిన పాతకాలపు సముద్రపు మట్టిలో దొరికే అతిచిన్న గుల్లలను చూసి ఆ రాతి వయసును ఎలా చెబుతారు, ఒక చోటి రాతిని మరో చోటి రాతితో ఎలా పోలుస్తారు అన్నది ఆ విషయం. నా ఉద్యోగ జీవితంలో ఎక్కువ భాగం సూక్ష్మదర్శిని ముందే గడిచింది కనుక ఈ ఉత్తరాలు చూస్తే ఇంటికి చుట్టాలొచ్చినంత సంబరమేసింది. ఈ నెల శీర్షిక మొత్తాన్నీ వాటికే కేటాయిస్తున్నాను.

ప్రశ్న: మా వైపు చమురు బావులు తవ్వేటప్పుడు పైకి వచ్చే రాతి ముక్కలను కడిగి, వాటిలో దొరికే ఆస్ట్రకోడ్‌ అనే గుల్లలను బట్టి రాతి వయసు చెబుతారని మా లెక్చరర్ గారు అన్నారు. కంటికి సరిగా ఆనని ఆ గుల్ల మీద వయసు ఎక్కడ రాసి ఉంటుందండీ?
– డిగ్రీ విద్యార్థిని, పాలకొల్లు

జవాబు: గుల్ల మీద వయసు ఎక్కడా రాసి ఉండదమ్మా. ఒక్క గుల్లను చేతిలో పెట్టి దీని వయసెంత అని అడిగితే, ఎంత అనుభవం ఉన్నవారైనా ‘ఇది ఏ పొరలో దొరికింది, దీనితోపాటు ఇంకేం దొరికాయి’ అని ఎదురు అడుగుతారు. ఈ శాస్త్రమంతా ఆ రెండు ప్రశ్నల మీదే నిలబడి ఉంది. అయితే ముందు ఆ జీవి సంగతి తెలిస్తే గానీ లెక్క సంగతి బోధపడదు.

ఆస్ట్రకోడ్‌లు రొయ్యలకూ పీతలకూ దూరపు చుట్టాలు. ఒళ్లంతా రెండు చిప్పల మధ్య దాచుకొని, అవసరమైనప్పుడు కాళ్లూ మీసాలూ మాత్రం బయటికి చాపి, చాలావరకు నీటి అడుగున బురద మీద పాకుతూ బతుకుతాయి. చూడడానికి బుల్లి ఆల్చిప్పలా ఉన్నా ఆల్చిప్పకూ దీనికీ చుట్టరికం లేదు. అది నత్తల వర్గం, ఇది కీళ్లకాళ్ల వర్గం. వీటిలో ఎక్కువ వాటి పొడవు అర మిల్లీమీటరుకూ ఒక మిల్లీమీటరుకూ మధ్య ఉంటుంది, అంటే ఆవగింజలో సగమన్నమాట. చిప్పలు కాల్షియం కార్బొనేటుతో తయారవుతాయి. పూర్వం మన ఇళ్ల గోడలకు వేసిన గుల్లసున్నం కోసం బట్టీల్లో కాల్చిన గుల్లల్లో ఉన్నదీ ఆ పదార్థమే.

రొయ్యల చెరువుల మధ్య పెరిగిన మీకు దీని రెండో గుణం వెంటనే అర్థమవుతుంది. రొయ్య పెరగాలంటే పెంకు విడవాలి. పాత పెంకు వదిలి, కొత్త పెంకు గట్టిపడేదాకా చెరువులో ఒక మూలకు ఒదిగి ఉంటుంది. ఆస్ట్రకోడ్‌ కూడా గుడ్డు నుంచి బయటపడింది మొదలు పెద్దదయ్యేలోగా సాధారణంగా ఎనిమిదిసార్లు పెంకు విడుస్తుంది. విడిచిన ప్రతిసారీ రెండు చిప్పలు, చివరికి చనిపోయాక మరో రెండు. వెరసి ఒక్క ప్రాణి తన జీవితకాలంలో పద్దెనిమిది చిప్పలను అడుగు మట్టికి అప్పగించగలదు. రొయ్య పెంకు కొద్దిరోజుల్లో కుళ్లిపోతుంది, సున్నంతో గట్టిపడిన ఈ చిప్పలు మాత్రం పరిస్థితులు అనుకూలిస్తే కోట్ల ఏళ్లు నిలుస్తాయి. గుప్పెడు సముద్రపు బంకమట్టిలో వందల కొద్దీ చిప్పలు దొరకడానికి ఇదే కారణం.

వాటిని ఏరే పని ఒకసారి చూస్తే మరచిపోలేరు. మట్టిరాయిని చితక్కొట్టి, చాకలి సోడా కలిపిన నీటిలో నానబెట్టి, 63 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) కన్నులున్న జల్లెడ మీద ధారగా నీళ్లు పోస్తూ కడిగితే బురదంతా పోయి చిటికెడు ఇసుక లాంటి పదార్థం మిగులుతుంది. దాన్ని ఆరబెట్టి, గళ్లు గీసిన నల్లటి పళ్లెంలో పలచగా జల్లి, సూక్ష్మదర్శిని కింద ఒక్కో గడీ చూసుకుంటూ పోవాలి. మూడు సున్నాల సంఖ్య ఉన్న సన్నని కుంచె కొసను తడిచేసి తాకిస్తే చిప్ప దానికి అంటుకొని లేస్తుంది. ఆ క్షణంలో ఊపిరి కాస్త గట్టిగా వదిలితే పొద్దుటి నుంచి ఏరిన గుల్లలన్నీ ఎగిరిపోతాయి, అందుకే ఈ పని చేసేవారందరికీ ఊపిరి బిగబట్టడం అలవాటైపోతుంది. తీరా పెద్దగా చేసి చూస్తే ఆ రవ్వంత చిప్ప మీద వల అల్లినట్టు గీతలుంటాయి, అంచున ముళ్లుంటాయి, కంటి దగ్గర గాజుపూస లాంటి బొడిపె ఉంటుంది, లోపలివైపు రెండు చిప్పలనూ కలిపిపట్టే కీలు పళ్లూ, కండరం అంటిన గుర్తులూ వరుసగా కనిపిస్తాయి. జాతిని గుర్తించేది ఈ వివరాలతోనే.

ఇక వయసు లెక్క. ఈ వర్గం సుమారు 48 కోట్ల ఏళ్ల కిందట, ఆర్డొవిషియన్ కాలంలో, శిలల్లో కనిపించడం మొదలై నేటి వరకు తెగకుండా కొనసాగుతోంది. అంతకుముందరి కేంబ్రియన్ శిలల్లో దొరికే బ్రాడొరీడ్‌ అనే చిప్పల జీవులను పాత పుస్తకాలు ఇందులోనే కలిపాయి గానీ ఇప్పుడు వాటిని వేరుగా లెక్కిస్తున్నారు. వర్గం ఇంతకాలం బతికినా అందులోని ఒక్కో జాతి మాత్రం పుట్టి, కొంతకాలం వర్ధిల్లి, పోయింది. పోయినది మళ్లీ రాలేదు. పాత ఇంటి పెరడు తవ్వుతున్నామనుకోండి. అడుగు పొరలో కాణీలు, బేడలు, అణాలు మాత్రమే దొరికాయి. పై పొరలో పైసలు మాత్రమే దొరికాయి. నడుమ ఒక పొరలో అణాలూ నయాపైసలూ కలిసి దొరికాయి. నాణేల మీది అంకెలన్నీ అరిగిపోయినా సరే, నడిమి పొర 1957 ఏప్రిల్‌లో నయాపైసలు వచ్చాక, అణాలు ఇంకా పూర్తిగా కనుమరుగు కాని ఆ కొద్ది ఏళ్లలో ఏర్పడిందని చెప్పగలం. ఒక్క అణాను చూసి చెప్పలేని మాటను, అణాతో కలిసి ఉన్న నయాపైసాను చూసి చెప్పగలుగుతున్నాం. ఆస్ట్రకోడ్‌లతోనూ అంతే: ఒక జాతి మొదట కనిపించే మట్టం, మరో జాతి చివరిసారి కనిపించే మట్టం, రెండూ కలిసి కనిపించే నడిమి భాగం, వీటిని బట్టి రాతిపొరలను మండలాలుగా విభజిస్తారు.

పొరలకూ శిలాజాలకూ ఉన్న ఈ క్రమాన్ని మొదట గట్టిగా పట్టుకున్నవారిలో ఇంగ్లండుకు చెందిన విలియం స్మిత్ ముఖ్యుడు. ఆయన కాలువల తవ్వకానికి నేల కొలిచే సర్వేయరు. తవ్విన గట్లలో ఒక్కో పొరకు ఒక్కో రకం శిలాజాల జట్టు ఉండడం గమనించి 1815లో తన దేశపు భూగర్భ పటాన్ని ప్రచురించాడు. కాటన్ దొర కాలువల నీళ్లు తాగి పెరిగిన మనకు, ఈ శాస్త్రం కూడా ఒక కాలువ గట్టునే కళ్లు తెరిచిందని తెలిస్తే ముచ్చటేస్తుంది.

మరి పెద్ద పెద్ద గవ్వలూ శంఖాలూ ఉండగా ఈ రవ్వంత గుల్లలే ఎందుకు అంటారా? వేల మీటర్ల లోతున తిరిగే డ్రిల్లింగ్ బిట్ రాతిని గోరంత ముక్కలుగా నలిపి పైకి పంపుతుంది. శంఖం ఉంటే అది పొడైపోతుంది, ఆస్ట్రకోడ్‌ ఆ గోరంత ముక్కలోనే చెక్కుచెదరకుండా కూర్చొని వస్తుంది.

ప్రశ్న: మా పిల్లలను గౌరీపట్నం, పంగిడి వైపు నల్లరాతి క్వారీలు చూపించడానికి తీసుకువెళ్లాను. పైన నల్లరాయి, కింద నల్లరాయి, నడుమ తెల్లటి సున్నపు పొర, అందులో గుల్లల ముక్కలు! నిప్పులోంచి పుట్టిన రాళ్ల నడుమకు సముద్రపు గుల్లలు ఎలా వచ్చాయి? వాటి వయసు నమ్మకంగా తెలుసా?
– ఉన్నత పాఠశాల ఉపాధ్యాయుడు, కొవ్వూరు

జవాబు: మాస్టారూ, మీరు పిల్లలను నిలబెట్టిన చోటు ప్రపంచంలో భూగర్భ శాస్త్రం చదివినవారంతా ఒక్కసారైనా చూడాలని కోరుకునే చోటు. దాని గురించి కాస్త ఎక్కువే రాస్తాను.

ఆ నల్లరాయి లావా. గోదావరికి కుడి గట్టున గౌరీపట్నం, పంగిడి, దుద్దుకూరు దగ్గరా, ఎడమ గట్టున రాజమహేంద్రవరాన్ని ఆనుకొని ఉన్న కాతేరు దగ్గరా ఇది నేల మీదికి తేలి ఉంటుంది. అక్కడి నుంచి ఆగ్నేయంగా వాలుతూ డెల్టా మట్టి కిందికి దిగిపోతుంది. పాలకొల్లు, నర్సాపురం వైపు తవ్విన లోతైన బావుల్లోనూ ఈ లావా తగిలింది. చమురు శాస్త్రవేత్తలు భూగర్భంలోని ఆ లావా రాతికి రాజోలు పేరే పెట్టారు. వరిచేలకూ కొబ్బరితోటలకూ ప్రసిద్ధమైన రాజోలు, నర్సాపురం, భీమనపల్లి పేర్లు ఇప్పుడు కంటికి కనిపించని రాతిపొరల పేర్లుగా శాస్త్ర గ్రంథాల్లో ఉన్నాయని పిల్లలకు చెప్పండి. పశ్చిమ కనుమల వైపు పొంగిన దక్కన్ లావా పాత నదీలోయల వెంట సుమారు వెయ్యి కిలోమీటర్లు ప్రవహించి అప్పటి తూర్పు తీరాన్ని చేరిందని నేడు ఎక్కువమంది అంగీకరిస్తున్నారు.

ఒక ప్రవాహం వచ్చి చల్లారాక, మరో ప్రవాహం వచ్చేలోగా తీరం ఖాళీగా ఉండలేదు. నది తన పని తాను చేసుకుంది, పోటుతోపాటు సముద్రం లోపలికి వచ్చింది, చల్లారిన లావా గుంటల్లో బురదా సున్నపు మట్టీ పేరుకున్నాయి, ఆ బురదలో గుల్లలు బతికాయి. తరువాత రెండో లావా వచ్చి దాన్నంతా కప్పేసింది. మీరు చూసిన తెల్లటి పొర అదే, లావాల నడిమి పొర అంటారు. మొదటి లావాకు కింద కూడా దుద్దుకూరు దగ్గర ఒక సముద్రపు సున్నపురాయి ఉంది, అందులో మెలితిరిగిన మేకుల్లాంటి టరిటెల్లా శంఖాలు ఉంటాయి. కోరంగి మడ అడవుల వైపు ఆటుపోట్ల బురదను చూసినవారికి ఆనాటి కాతేరు ఎలా ఉండేదో ఊహించడం కష్టం కాదు. అప్పుడు తీరం అక్కడే, డెల్టా ఇంకా పుట్టనే లేదు.

వయసు విషయంలో నూరేళ్లకు పైగా వాదం నడిచింది. 1840 నాటికే దక్కన్ లావాల మధ్య దొరికిన మంచినీటి నత్తలనూ, సిప్రిస్ పేరుతో ఆస్ట్రకోడ్‌లనూ లండన్‌లో శిలాజాల నిపుణుడు సోవర్బీ వర్ణించాడు. మతబోధకుడిగా నాగపూరులో ఉన్న స్టీఫెన్ హిస్లప్ 1860లో ఈ నడిమి పొరల శిలాజాలపై రాసిన వ్యాసంలో రాజమండ్రి గుల్లలకూ చోటిచ్చాడు. 1934లో మన దేశపు వృక్షశిలాజ శాస్త్రవేత్త బీర్బల్ సాహ్ని ‘దక్కన్ లావాలు క్రిటేషియస్ కాలానివా (డైనోసార్లు బతికిన చివరి కాలం అది), ఆ తరువాతివా’ అని సూటిగా ప్రశ్నించి, మొక్కల శిలాజాల ఆధారంతో తరువాతివేనన్న వైపు మొగ్గాడు. ఒక్కో రకం శిలాజం ఒక్కో వైపు లాగింది. నా అభిప్రాయంలో ఆ తగువు అంతకాలం సాగడానికి ముఖ్య కారణం, లోపలి పీఠభూమి పొరలు దాదాపు అన్నీ చెరువులవీ మంచినీటివీ కావడం. మంచినీటి జీవులు ఒక్కో చెరువులో ఒక్కో తీరున ఉంటాయి, ప్రపంచంలో మిగతా చోట్ల సముద్రపు శిలలతో వాటిని నేరుగా పోల్చడానికి వీల్లేదు. సముద్రం తాకిన లావా పొర ఒకటి కావాలి. అది గోదావరి గట్టున దొరికింది.

మీ పొరలో రెండు రకాల సూక్ష్మ శిలాజాలు కలిసి ఉన్నాయి. ఒకటి ఆస్ట్రకోడ్‌లు. వాటిలో ఉప్పునీరూ మంచినీరూ కలిసే చోట బతికేవీ, తీరపు లోతులేని సముద్రంలో బతికేవీ ఉండడంతో, ఆ బురద నదీముఖంలోనూ పోటు నీళ్లలోనూ పేరుకుందని తేలింది. రెండోది ఫొరామినిఫెరా అనే ఏకకణ జీవుల గుల్లలు. ఆస్ట్రకోడ్‌లు అడుగున పాకేవి కాగా ఫొరామినిఫెరాలో కొన్ని సముద్రపు పైనీళ్లలో తేలుతూ సముద్రాలన్నిటికీ వ్యాపిస్తాయి, అందువల్ల కాలాన్ని చెప్పడంలో వాటిది పైచేయి. 6 కోట్ల 60 లక్షల ఏళ్ల కిందట, డైనోసార్లు అంతరించిన ఆ మహావిపత్తులో తేలే ఫొరామినిఫెరా జాతుల్లో అత్యధిక భాగం నశించింది. ఆ వెంటనే అతిచిన్నవైన కొత్త జాతులు పుట్టుకొచ్చి, వాటిలో కొన్ని కొద్ది లక్షల ఏళ్లు మాత్రమే ఉండి పోయాయి. రాజమండ్రి క్వారీల్లో కింది లావా మీద నేరుగా కూర్చున్న మట్టిలో ఆ తొలి డేనియన్ కాలపు (విపత్తు వెంటనే మొదలైన కాలానికి ఆ పేరు) జాతులు దొరికాయని భూగర్భ శాస్త్రవేత్త గెర్టా కెల్లర్ బృందం 2008లో ప్రకటించింది. అంటే కింది లావా పొంగడం ఆ విపత్తు దరిదాపుల్లోనే ముగిసిందన్నమాట. క్రీస్తుపూర్వం, క్రీస్తుశకం అన్నట్టు భూచరిత్రను రెండుగా చీల్చే గీత మీ పిల్లలు వేలు పెట్టి తాకగలిగిన చోట ఉంది.

నమ్మకంగా తెలుసా అని అడిగారు. తెలుసుననడానికి నాకున్న ధైర్యం ఒక్క గుల్లల వల్ల వచ్చింది కాదు, ఒకరితో ఒకరికి సంబంధం లేని ముగ్గురు సాక్షులు ఒకే మాట చెప్పడం వల్ల వచ్చింది. చల్లారిన లావా ఆనాటి భూ అయస్కాంత దిశను తనలో పట్టి ఉంచుతుంది. ఇక్కడి కింది లావాలో ఆ దిశ నేటికి తలకిందులుగా, పై లావాలో నేటిలాగే ఉంది. ఆ విపత్తు జరిగింది కూడా అయస్కాంతం తలకిందులుగా ఉన్న కాలంలోనే, తరువాత కొద్ది లక్షల ఏళ్లకు అది నేటి దిశకు మారింది. ఇక ఆర్గాన్ ఐసోటోపులను కొలిచే పద్ధతిలో ఈ లావాలకు వయసు కట్టి, దక్కన్ లావాలతో వాటి బంధాన్ని చూపిన పరిశోధన 2003లో వెలువడింది. గమనించండి, లావాలో గుల్లలుండవు, గుల్లలున్న మట్టికి ఆర్గాన్ పద్ధతి పనికిరాదు. రెండు లావాల నడుమ మట్టి ఇరుక్కున్న ఈ క్వారీల్లో కొలిచిన ఏళ్లూ, గుల్లల క్రమమూ పక్కపక్కనే ఉండడం వల్ల ఒకదానితో మరొకటి సరిచూసుకునే వీలు కలిగింది. తరువాత మధ్యప్రదేశ్‌లోని చింద్వారా జిల్లా జిల్‌మిలీ దగ్గర, సముద్రానికి అంత దూరాన, లావాల నడిమి పొరలో ఇవే తొలి డేనియన్ ఫొరామినిఫెరాలు, మంచినీటి ఆస్ట్రకోడ్‌లతోనూ ఉప్పు కలిసిన నీటి ఆస్ట్రకోడ్‌లతోనూ కలిసి కనిపించాయి. దాంతో పీఠభూమి పొరను గోదావరి పొరతో జతచేయడానికి దారి దొరికింది. పోల్చడం అంటే ఇదే.

క్వారీలు రోడ్డు కంకర కోసం రోజూ తరుగుతున్నాయి. నల్లరాయికి గిరాకీ ఉంది, నడిమి తెల్లపొరను పనికిరాని చెత్తగా పక్కకు తోసేస్తారు. ఒక్క గోడనైనా ఆ పొరతో సహా ఉన్నదున్నట్టు కాపాడాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను. ఈసారి వెళ్లినప్పుడు పేలుళ్ల వేళలు కనుక్కొని, యజమాని అనుమతి తీసుకొని, నిలువు గోడకు దూరంగా పిల్లలను ఉంచండి.

ప్రశ్న: నేను డ్రిల్లింగ్ రిగ్గు మీద పనిచేస్తున్నాను. బావిలో పై పొరల మట్టి రాలి కింది ముక్కల్లో కలవడం రోజూ చూస్తాం. అలాంటప్పుడు ఏ గుల్ల ఏ లోతుదో ఎలా నమ్ముతారు?
– రిగ్గు ఉద్యోగి, అమలాపురం

జవాబు: చాలా సరైన అనుమానం. కేసింగ్, అంటే బావి గోడకు ఆనించే ఇనుప గొట్టం, దింపని భాగంలో గోడల నుంచి పై మట్టి రాలి, కింది రాతి ముక్కలతో కలిసి పైకి వస్తుంది. అందువల్ల 2000 మీటర్ల దగ్గర పట్టిన నమూనాలో 1800 మీటర్ల నాటి గుల్ల కనిపించవచ్చు. కానీ దీనికి ఎదురుగా మనకు ఒక భరోసా ఉంది: కింది గుల్ల తనంతట తాను పైకి రాలదు. కాబట్టి బావి దిగుతూ ఉంటే ఒక జాతి మొట్టమొదట ఏ లోతున ఎదురైందో ఆ లోతును నమ్ముతారు. దిగేటప్పుడు మొదట ఎదురైందంటే కాలక్రమంలో అది ఆ జాతి చివరి మట్టం. ఏ మట్టంలో పుట్టిందన్నది మాత్రం ముక్కలను బట్టి తేల్చడం కష్టం, ఎందుకంటే పైనుంచి రాలినవి దాని అడుగు హద్దును చెరిపేస్తాయి. అది కావలసివస్తే ఖర్చుకు ఓర్చి రాతిని కడ్డీలా తీసే కోర్ తీయాల్సిందే. నేల మీది క్వారీలో పనిచేసేవారు కింది నుంచి పైకి చదువుతారు, బావి మీద పనిచేసేవారు పై నుంచి కిందికి చదువుతారు. ఈ తేడా మరచి రెంటినీ పక్కపక్కన పెట్టినప్పుడు తప్పులు దొర్లుతాయి.

ఇంకొక చిక్కు బావి వల్ల కాదు, నది వల్లనే వస్తుంది. 1986 ఆగస్టు వరద లంకల మీద పరచిన ఇసుకలో కోట్ల ఏళ్ల నాటి రేణువులున్నాయి, అయినా ఆ పొర వయసు 1986 ఆగస్టే. అలాగే పాత శిలలు కోసుకుపోయి, వాటిలోని గుల్లలు కొట్టుకొచ్చి, కొత్త మట్టిలో చేరవచ్చు. తాతగారి పెట్టెలోని అణా పొరపాటున కొత్త పెరట్లో పడినట్టే. ఇలాంటివి అరిగి, రంగు మారి, మిగతావాటికి భిన్నంగా ఉంటాయి. ఆస్ట్రకోడ్‌లకు ఇక్కడ ఒక సదుపాయం ఉంది. ఒకే జాతికి చెందిన పిల్ల చిప్పలూ, ఎదిగిన చిప్పలూ, చిన్నాపెద్దా అన్ని దశలూ కలిసి దొరికితే అవి అక్కడే బతికి అక్కడే పెంకు విడిచాయని అర్థం. ఒకే పరిమాణం గల చిప్పలు మాత్రమే దొరికితే ప్రవాహం చేట పట్టి చెరిగినట్టు వాటిని వేరుచేసి తెచ్చి పోసిందని అనుమానించాలి. తనతో తెచ్చుకున్న సాక్ష్యాన్ని తానే సరిచూపించే శిలాజాలు ఎక్కువ లేవు, ఆస్ట్రకోడ్‌ల మీద నాకున్న ప్రత్యేకమైన మమకారానికి ఇదొక కారణం.

ప్రశ్న: ఒకే ఆస్ట్రకోడ్ జాతి మన దగ్గరా, యూరప్‌లోనూ దొరికితే రెండు రాళ్లూ ఒకే వయసువని అనవచ్చా?
– పోటీ పరీక్షలకు సిద్ధమవుతున్న పాఠకుడు, కాకినాడ

జవాబు: తొందరపడి అనకూడదు. నిజానికి అలా ఒకే జాతి దొరకడమే అరుదు. పీతలకూ రొయ్యలకూ నీళ్లలో తేలుతూ దూరాలు పోయే పిల్ల దశలుంటాయి. సముద్రపు అడుగున బతికే ఆస్ట్రకోడ్‌లకు అలాంటి దశ లేదు. పుట్టిన తీరం వెంటే మెల్లగా విస్తరించాలి, లోతైన సముద్రం అడ్డువస్తే ఆగిపోవాలి. అందుకే ఒకే సముద్రపు గట్ల మధ్య పోలికకు ఇవి బాగా పనికివస్తాయి, ఖండాల మధ్య పోలికకు మాత్రం తేలే ఫొరామినిఫెరా తోడు కావాలి.

అయితే ఈ లోపమే మరో విధంగా వరమైంది. మడగాస్కర్‌లోని మజుంగా రేవు పేరు మీద మజుంగెల్లా అనే ఆస్ట్రకోడ్ ప్రజాతి ఉంది. అది జురాసిక్, క్రిటేషియస్ సముద్రపు శిలల్లో మడగాస్కర్‌లోనూ మన దేశంలోనూ ఆస్ట్రేలియాలోనూ కనిపిస్తుంది. సముద్రం దాటలేని జీవి అన్ని చోట్లా ఉందంటే ఆ తీరాలు ఒకప్పుడు కలిసి ఉండాలి, లేదా లోతులేని నీళ్లతో ముడిపడి ఉండాలి. ఉత్తర జర్మనీ మైదానాల్లో అనాథలుగా పడి ఉన్న కొన్ని సున్నపు బండలు ఎక్కడివన్నదీ ఇలాగే తేలింది. వాటిలోని బైరీషియా అనే, డైనోసార్లకన్నా ఎంతో ముందరి సైలూరియన్ కాలపు ఆస్ట్రకోడ్‌లను బాల్టిక్ ప్రాంతపు శిలల్లోని వాటితో సరిపోల్చి, మంచుయుగపు హిమానీనదాలు వాటిని అక్కడి నుంచి మోసుకొచ్చాయని చెప్పగలిగారు.

దీనికి మినహాయింపు కూడా ఉంది. డెవోనియన్ కాలపు చివరి భాగంలో, అంటే సుమారు 37 కోట్ల ఏళ్ల కిందట, చిప్ప మీద అచ్చం వేలిముద్ర లాంటి గీతలున్న ఒక ఆస్ట్రకోడ్ రకం లోతైన సముద్రపు మట్టిలో విస్తారంగా పేరుకుంది. జర్మనీ శిలలను వాటి సాయంతోనే సన్నని మండలాలుగా విభజించారు, ఇంగ్లండులోనూ ఉత్తర ఆఫ్రికాలోనూ చైనాలోనూ అవి దొరికాయి. ఏ ఆస్ట్రకోడ్ ఎంత దూరం పనికొస్తుందన్నది దాని బతుకుతెరువును బట్టి ఉంటుందని పరీక్షలో రాయండి, మార్కులు తగ్గవు.

ప్రశ్న: మా రొయ్యల చెరువు నీటిలో నువ్వుగింజ కన్నా చిన్నవి గింగిరాలు తిరుగుతూ కనిపిస్తాయి. ఇవి ఆస్ట్రకోడ్‌లేనా? మా పాప సైన్స్ ప్రాజెక్టు కోసం ఇంట్లోనే గుల్లలు ఏరి చూపించాలంటే ఎలా?
– రొయ్యల రైతు, భీమవరం

జవాబు: కాస్త గుండ్రంగా, గింజలా ఉండి, ముట్టుకుంటే చిప్పలు మూసుకొని అడుగుకు మునిగితే అవి ఆస్ట్రకోడ్‌లే కావచ్చు. నీటిలో అలాంటి ఇతర సూక్ష్మజీవులూ ఉంటాయి, భూతద్దంలో రెండు చిప్పలు కనిపించాలన్నది గుర్తు. వరిచేలల్లో కూడా ఇవి విస్తారంగా ఉండి నాచు తిని బతుకుతాయి. మంచినీటి రకాల గుడ్లు చెరువు ఎండిపోయినా మట్టిలో ఓపిగ్గా ఉండి, నీళ్లు పెట్టగానే పిల్లలవుతాయి.

ప్రాజెక్టుకు పెద్ద సరంజామా అక్కరలేదు. చెరువు అడుగు మట్టి ఒక గ్లాసుడు, మడ అడవి వైపు నుంచి తెచ్చిన బురద ఒక గ్లాసుడు, సముద్రపు గట్టున నీటి అంచు దగ్గరి సన్న ఇసుక ఒక గ్లాసుడు తీసుకోండి. మూడింటినీ వేర్వేరుగా నానబెట్టండి. టీ వడపోత పనికిరాదు, కన్నులు పెద్దవి. హేచరీలలో నీళ్లు వడకట్టే నైలాన్ గుడ్డ, 100 మైక్రాన్ల లోపుది, మీకు సులువుగానే దొరుకుతుంది. దాన్ని గిన్నె మీద బిగించి, మట్టిని వేసి, నీళ్లు తేటగా దిగేదాకా మెల్లగా కడగండి. నలపకూడదు. చింతపండు, నిమ్మరసం, వెనిగర్ లాంటి పులుపేదీ ఆ గిన్నెలకు తగలనీయవద్దు; సున్నపు చిప్పలు కరిగిపోతాయి. మిగిలినదాన్ని నీడలో ఆరబెట్టి, నల్లకాగితం మీద జల్లి, పదింతలు పెద్దగా చూపే భూతద్దంతో పాపనే వెతకనీయండి, పిల్లల కళ్లకు మనకన్నా ముందు కనిపిస్తాయి. మూడు గ్లాసుల్లో దొరికిన గుల్లలు ఒకేలా ఉండకపోవచ్చు. చెరువుదానికి నున్నగా, పలచగా ఉండే చిప్పలు, సముద్రపుదానికి వలగీతలూ బొడిపెలూ ఉన్న దళసరి చిప్పలు ఎక్కువగా కనిపిస్తాయి. కాతేరు రాతిలోని గుల్లలను చూసి ఒకప్పుడు అక్కడ ఏ నీళ్లుండేవో చెప్పేది ఈ తేడాలతోనే.

ఒక్కో రకాన్ని తడి కుంచెతో ఎత్తి, పలచని జిగురు రాసిన నల్ల అట్ట మీద అంటించమనండి. ఏరడం మొదలుపెట్టక ముందే ప్రతి అట్ట మీదా మట్టి తీసిన చోటు, ఎంత లోతున తీశారు, ఏ తేదీన తీశారు అన్నవి పెన్సిలుతో రాయించండి, సిరా అయితే తడి తగిలి చెదిరిపోతుంది.